అసంపూర్తి నకలు కార్ల విక్రయం

ఫెరారీ, లంబోర్గినీ వంటి ఖరీదైన స్పోర్ట్స్ కార్ల రూపాన్ని ఫైబర్‌గ్లాస్‌లో అచ్చు తీసి, ఏదో ఒక మామూలు కారు ఛాసిస్ మీద బిగించి, ఇంటి షెడ్డులో సొంతంగా తయారు చేసుకునే బండిని కిట్ కారు నకలు అంటారు. కంపెనీ తొట్టినీ (అంటే బాడీని), తలుపులనూ, కొన్ని విడిభాగాలనూ పంపుతుంది. కూర్చుకోవడం కొన్నవాడి పని. ఇలా మొదలుపెట్టిన బళ్ళలో చాలావాటికి రోడ్డెక్కే యోగం ఉండదు. ఏళ్ళ తరబడి షెడ్డులో దుమ్ము పట్టి, చివరికి సగం పనితోనే చేతులు మారతాయి. మూడో చేతికి, నాలుగో చేతికి వెళ్ళాక కూడా సగంలోనే ఉన్నవి కొన్ని. అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ ఈ అసంపూర్తి బళ్ళకు ఒక చిన్న, విచిత్రమైన సంత నడుస్తుంటుంది.

మన ఊళ్ళలో శ్లాబు వేసి, పైన ఇనప ఊచలు అలాగే వదిలేసి ఆపిన ఇంటికి కూడా మంచి ధరే వస్తుంది. కింద స్థలం ఉంది, దాని విలువ ఏటా పెరుగుతుంది. సగంలో ఆగిన నకలు కారు కింద స్థలం లేదు. ఉన్నదల్లా ఎప్పటిదో ఒక పాత కారు, దాని విలువ ఏటా తరుగుతుంది. ఈ సంతలో అమ్మేవాడికీ కొనేవాడికీ బేరం కుదరకపోవడానికి మూలం ఇదే.

పుట్టుక

బ్రిటన్‌లో కిట్ కార్లను పెంచి పోషించింది పన్ను వెసులుబాటు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అక్కడ కొత్త కారు మీద కొనుగోలు పన్ను గట్టిగా పడేది. విడిభాగాలుగా కొని సొంతంగా కూర్చుకుంటే ఆ పన్ను లేదు. 1957లో వచ్చిన లోటస్ సెవెన్ ఎంతోమంది కుర్రాళ్ళకు ఈ దారిలోనే అందింది. కూర్చే విధానం రాసిన పుస్తకం జత చేస్తే పన్ను అధికారులు ఒప్పుకోరని, విప్పే విధానం రాసిచ్చి ‘వెనక నుంచి చదువుకోండి’ అన్నారని ఒక కథ ఇప్పటికీ చెప్పుకుంటారు. 1973లో వ్యాట్ రావడంతో ఆ వెసులుబాటు పోయింది. ఆ ఏడాదే సెవెన్ తయారీ హక్కులు కేటరమ్ సంస్థ చేతికి వెళ్ళాయి.

అమెరికాలో కథ సముద్రపుటొడ్డున మొదలైంది. పడవల తయారీలో ఫైబర్‌గ్లాస్ పని నేర్చిన బ్రూస్ మేయర్స్ 1964లో కాలిఫోర్నియాలో ఫోక్స్‌వాగన్ బీటిల్ భాగాలతో మేయర్స్ మాంక్స్ అనే ఇసుక దిబ్బల బండి చేశాడు. అది హిట్టయింది, వెంటనే దాన్ని ఎడాపెడా కాపీ కొట్టారు. మేయర్స్ పేటెంటు పట్టుకుని కోర్టుకు వెళ్ళి ఓడిపోయాడు. కాపీ కొట్టేవాళ్ళు ఊపిరి పీల్చుకున్నారు. ఆ ఊపిరి ఎంతకాలం నిలిచిందో ఫెరారీ వంతు వచ్చినప్పుడు చూద్దాం.

ఫియరో మీద లంబోర్గినీ

1974 నుంచి 1990 దాకా తయారైన లంబోర్గినీ కౌంటాష్‌లు రెండు వేలకు లోపే. బెర్టోనే సంస్థలో మార్చెల్లో గాందీని గీసిన ఆ రూపం, కత్తెరలా పైకి లేచే ఆ తలుపులు మాత్రం గోడల మీద పోస్టర్లుగా లక్షల పడకగదుల్లోకి వెళ్ళాయి. ఆ పోస్టరు చూస్తూ పెరిగినవాళ్ళ చేతికి అందిన కారు ఇంకొకటి: జనరల్ మోటార్స్ వారి పాంటియాక్ ఫియరో. 1984 మోడల్ నుంచి 1988 మోడల్ వరకు సుమారు 3,70,000 ఫియరోలు తయారయ్యాయి. ఇంజన్ సీట్ల వెనక ఉంటుంది, ఇద్దరే కూర్చోవాలి, ధర మధ్యతరగతిది. నకలు చేసేవాళ్ళకు ఇంతకంటే ఏం కావాలి?

ఫియరోలో ఇంకో సుగుణం ఉంది. దాని బలమంతా లోపలి ఉక్కు చట్రంలోనే ఉంటుంది, పైన కనిపించే ప్లాస్టిక్ పలకలు ఒట్టి తొడుగు. వాటిని విప్పి పక్కన పెట్టినా కారు కదలకుండా నిలబడుతుంది, నడుస్తుంది కూడా. ఆ పలకలు బిగించే చోట్లన్నింటినీ, 39 దిమ్మెలను, కర్మాగారంలో ఒక పెద్ద యంత్రం ఒకేసారి చెక్కి రంధ్రాలు వేసేది. అందుకే అసలు ఫియరో పలకలు వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చునేవి. ఆ యంత్రం ఇంట్లో ఉండదు కాబట్టి నకలు తొట్టి బిగించేవాడు చేసే ప్రతి రంధ్రమూ కంటి కొలతే.

చిక్కంతా వీల్‌బేస్‌లో ఉంది. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం ఫియరోలో 2,373 మిల్లీమీటర్లు. ఫెరారీ 308లో 2,340. అంటే తేడా అంగుళం పైచిలుకే. అందుకే ఫియరో మీద 308 రూపం తేలిగ్గా కూర్చుంది. కార్పొరేట్ కాన్సెప్ట్స్ అనే సంస్థ 1987, 1988లలో ‘మెరా’ పేరుతో ఇలాంటి బళ్ళు తయారుచేసి, ఏకంగా పాంటియాక్ షోరూముల ద్వారానే అమ్మింది. ఫెరారీ దావా వేయడంతో అది ఆగిపోయింది. కౌంటాష్‌కు 2,450 మిల్లీమీటర్లు కావాలి, కాబట్టి ఫియరో చట్రాన్ని అడ్డంగా కోసి మూడు అంగుళాలు సాగదీయాలి. లంబోర్గినీ డయాబ్లోకైతే 2,650, అంటే దాదాపు పదకొండు అంగుళాలు. కోసిన చోట మళ్ళీ అతికే వెల్డింగ్ మీదే ఆ తర్వాత ఇద్దరు మనుషుల ప్రాణాలు ఆధారపడతాయి. అసంపూర్తి బండిని చూడటానికి వచ్చిన అనుభవజ్ఞుడు రంగు సంగతి, సీట్ల సంగతి తర్వాత అడుగుతాడు. ముందు అడిగేది ‘సాగదీసింది ఎవరు?’ అని.

బ్రిటన్‌లో ఫియరో లేదు. అక్కడ టయోటా ఎంఆర్2, పెజో 406 కూపే ఈ పాత్ర పోషించాయి. ఆ కార్ల మీద ఫెరారీ 355 మొదలు ఎఫ్430 దాకా రకరకాల తొట్లు వచ్చాయి.

సగంలో ఎందుకు ఆగుతాయి

విడాకులు, ఉద్యోగం పోవడం, కొత్తగా బిడ్డ పుట్టడం, నడుం నొప్పి: ప్రకటనల్లో అమ్మేవాళ్ళు చెప్పే కారణాలు ఇవే. నిజమే కావచ్చు. కానీ పని స్వభావంలోనే ఇంకో కారణం దాగి ఉంది. తొట్టి తెచ్చి ఛాసిస్ మీద పెట్టడం ఒక్క వారాంతంలో అయిపోతుంది. ఆ సాయంత్రం షెడ్డులో కౌంటాష్ నిలబడి ఉంటుంది, పక్కింటివాళ్ళు వచ్చి ఫొటోలు దిగుతారు. చూసేవాడికి పని ముక్కాలు మూడొంతులు అయిపోయినట్టే ఉంటుంది. నిజానికి అప్పటికి ఏమీ మొదలుకాలేదు. తలుపు కీళ్ళు, అద్దాలు దించే యంత్రాంగం, వైరింగ్, ఇంజన్‌ను చల్లబరిచే నీటి గొట్టాలు, హ్యాండ్ బ్రేక్ కేబుల్, లోపలి తోలు పని, తొట్టి అంచులు సాఫు చేసి రంగు వేయడం — కంటికి కనిపించని, చేసినా ఎవరూ మెచ్చుకోని పనులన్నీ ముందున్నాయి. ‘90 శాతం పూర్తయింది’ అని ప్రకటనలో రాసి ఉంటే, మిగిలిన 10 శాతం జాబితా ఇదేనని పాతకాపులు చదువుకుంటారు.

ఫైబర్‌గ్లాస్ కూడా సహకరించదు. మొదటి తయారీదారు ఎవరో అసలు కారు మీదనుంచో మంచి నమూనా మీదనుంచో అచ్చు తీస్తాడు. ఇంకొకడు ఆ నకలు మీదనుంచి అచ్చు తీస్తాడు, మరొకడు దాని మీదనుంచి. పాలియెస్టర్ రెసిన్ గట్టిపడేటప్పుడు కొద్దిగా కుంచించుకుపోతుంది కాబట్టి తరం మారేకొద్దీ అంచుల పదును పోతుంది, కొలతలు తప్పుతాయి. కౌంటాష్ అందమంతా ఆ పదునైన గీతల్లోనే ఉంది. మూడో తరం అచ్చులోంచి వచ్చిన తొట్టి, నీళ్ళలో నానిన సబ్బు బిళ్ళలా ఉంటుంది. దాన్ని పుట్టీతో, సాండ్ పేపర్‌తో సరిచేయడానికి కూర్చున్నవాడు ఎప్పుడు లేస్తాడో చెప్పలేం.

ఇక కిట్ అమ్మిన సంస్థ మూతపడితే ఆ బండి అనాథే. డ్రాయింగులు ఉండవు, ముందు అద్దం ఏ కొలతకు తెప్పించాలో చెప్పేవాడు ఉండడు. అద్దం లేకుండా వచ్చిన తొట్టి విషయంలో ఇది చిన్న సమస్య అనిపించవచ్చు. ఆ వాలుకు, ఆ ఒంపుకు సరిపోయే అద్దం మార్కెట్లో దొరకనప్పుడు మాత్రం మొత్తం పని అక్కడే ఆగుతుంది.

రెండు లెక్కలు

అమ్మేవాడి దగ్గర రసీదుల ఫైలు ఉంటుంది. అనుకుందాం: కిట్‌కు 12,000 డాలర్లు, పాత ఫియరోకు 2,000, చక్రాలూ టైర్లూ 3,000, సాగదీయించడానికి 3,000. మొత్తం 20,000. దానికి తోడు ఆరేళ్ళ ఆదివారాలు. అతను 18,000 అడిగి, చాలా తగ్గించానని అనుకుంటాడు. కొనేవాడు అవతలి కొసనుంచి లెక్క మొదలుపెడతాడు: పూర్తయిన ఇలాంటి నకలు మార్కెట్లో ఎంతకు వస్తుంది, మిగిలిన పనికి ఎంత అవుతుంది, లోపల కనిపించని తప్పులు సరిదిద్దడానికి ఎంత పక్కన పెట్టాలి. పూర్తయింది 25,000కు దొరుకుతుంటే, మిగిలిన పనికి 15,000 అయ్యేలా ఉంటే, అతని చేతిలో మిగిలేది 10,000. అందులోంచి తెలియని తప్పుల పద్దు తీసేస్తే నోటికి వచ్చే మాట ఐదారు వేలు. ఇద్దరి లెక్కలూ సరైనవే, కానీ ఆదివారాలకు ధర కట్టే పద్దు రెండో లెక్కలో లేదు.

ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అంటారు. అసలు ఫెరారీ ఏనుగే. 1954 నాటి ఫెరారీ 500 మాండియాల్ ఒకటి రేసుల కాలంలోనే కాలిపోయి, దశాబ్దాలపాటు తుప్పు పట్టిన రేకుల కుప్పగా పడి ఉంది. 2023 ఆగస్టులో కాలిఫోర్నియాలోని మాంటెరే వేలంలో ఆ కుప్పకు 18,75,000 డాలర్లు వచ్చాయి. కొన్నవాడు చెల్లించింది ఛాసిస్ నంబరుకు, దాని వెనకున్న చరిత్రకు. నకలు కారుకు అలాంటి నంబరు లేదు. దాని మీద కొట్టి ఉన్న నంబరు పాంటియాక్‌ది.

కాగితాలు

అసలు బేరం తేలేది ఇక్కడ. అమెరికాలో వాహన యాజమాన్య పత్రాన్ని ‘టైటిల్’ అంటారు, మన ఆర్‌సీ లాంటిది. ఫియరో మీద కట్టిన బండికి ఆ ఫియరో టైటిల్ చేతిలో ఉండాలి, దాని మీది నంబరూ చట్రం మీది నంబరూ కలవాలి, అమ్మేవాడి పేరే దాని మీద ఉండాలి. అసంపూర్తి బళ్ళలో ఈ మూడూ సరిగ్గా కుదరడం అరుదు. రెండో యజమాని టైటిల్ తన పేరుకు మార్చుకోకుండానే మూడోవాడికి అమ్మేసి ఉంటాడు. బండి రోడ్డెక్కలేదుగా, ఎందుకులే అనుకుంటాడు. ఆ ‘ఎందుకులే’ ఖరీదు ఆఖరున కొన్నవాడు కడతాడు.

కొత్త ఛాసిస్‌తో వచ్చిన కిట్‌కు టైటిల్ ఉండదు, తయారీదారు ఇచ్చే మూల ధ్రువపత్రం ఉంటుంది. అది పోతే, సంస్థ కూడా మూతపడి ఉంటే, కొత్తది పుట్టించడం గగనం. బండి పూర్తయ్యాక చాలా రాష్ట్రాలు దాన్ని ప్రత్యేకంగా నిర్మించిన వాహనంగా నమోదు చేస్తాయి. ఇంజన్ ఎక్కడ కొన్నావు, గేర్‌బాక్స్ ఎవరిచ్చారు, పన్ను కట్టావా అని రసీదులు అడుగుతాయి. కాలిఫోర్నియాలో ఇలాంటి బళ్ళకు కాలుష్య పరీక్షల నుంచి ఊరటనిచ్చే ఏర్పాటు ఒకటుంది, కానీ అది ఏటా మొదటి 500 బళ్ళకే. కాబట్టి సగం బండి అమ్మేవాడు నలిగిన రసీదుల కట్టను కూడా భద్రంగా ఇవ్వాలి. కొన్నిసార్లు ఇంజన్ కంటే ఆ కట్టే విలువైనది.

బ్రిటన్‌లో సొంతంగా కట్టిన కారు రోడ్డెక్కాలంటే 2009 నుంచి వ్యక్తిగత వాహన ఆమోద పరీక్ష గట్టెక్కాలి. పొడుచుకొచ్చిన పదునైన అంచు, సీటు బెల్టు కొక్కెం ఉన్న చోటు, అద్దంలోంచి కనిపించే కోణం, అన్నీ కొలిచి చూస్తారు. 1980లలో కట్టడం మొదలై ఆగిన నకలు ఈ పరీక్షను మనసులో పెట్టుకుని కట్టింది కాదు. వయసూ మూలమూ తేలని బళ్ళకు అక్కడ ‘క్యూ’ అక్షరంతో మొదలయ్యే నంబరు ప్లేటు ఇస్తారు. చూసినవాళ్ళందరికీ సంగతి తెలిసిపోయే ఆ అక్షరాన్ని నకలు కారు యజమానులు సహజంగానే ఇష్టపడరు.

పేరు చిక్కు

‘మయామీ వైస్’ అనే అమెరికన్ టీవీ సీరియల్ మొదటి రెండు సీజన్లలో హీరో నడిపిన నల్లని ఫెరారీ డేటోనా స్పైడర్ నకలు. షెవర్లే కార్వెట్ ఛాసిస్ మీద మెక్‌బర్నీ సంస్థ తయారుచేసిన తొట్టి అది. ఫెరారీకి ఒళ్ళు మండింది. మెక్‌బర్నీ మీద దావా పడింది. సీరియల్‌కు ఫెరారీ కంపెనీయే రెండు అసలు టెస్టరోసా కార్లు ఇచ్చింది. 1986లో మూడో సీజన్ తొలి భాగంలో ఆ నకలును తెర మీద క్షిపణితో పేల్చేశారు. కోర్టు ఖర్చు లేకుండా తీర్పు అమలు చేసినట్టయింది.

అసలు తీర్పు 1991లో వచ్చింది. టెనెసీ రాష్ట్రంలో కార్ల్ రాబర్ట్స్ అనే అతను ‘మయామీ స్పైడర్’ పేరుతో డేటోనా రూపంలో కిట్లు అమ్మేవాడు. కిట్ ధర 8,500 డాలర్లు, అప్పట్లో అసలు కారు ధర పది నుంచి ఇరవై లక్షల డాలర్లు. కొనేవాళ్ళందరికీ ఇది నకలని తెలుసు, నేనెవర్నీ మోసం చేయలేదు అని అతని వాదన. ఆరో సర్క్యూట్ అప్పీళ్ళ కోర్టు ఒప్పుకోలేదు. కొన్నవాడికి తెలిసినా రోడ్డు మీద చూసేవాళ్ళు ఫెరారీ అనుకుంటారు, దానివల్ల అసలు కారు పేరు చెడుతుంది, కాబట్టి ఆ ఆకారానికే రక్షణ ఉంది అంది. ధర్మాసనంలో ఒక న్యాయమూర్తి విభేదించారు. నాకైతే విభేదించిన వైపే కొంత న్యాయం ఉందనిపిస్తుంది. ఏదేమైనా ఆ తర్వాత ఫెరారీ కిట్లు అమ్మే చాలా దుకాణాలకు తలుపులు మూయక తప్పలేదు. ఈనాటి అసంపూర్తి బళ్ళలో అనాథలు ఇన్ని ఉండటానికి అదీ ఒక కారణం.

పాతికేళ్ళు దాటిన కార్ల రూపంతో చిన్న సంస్థలు ఏటా 325 దాకా బళ్ళు పూర్తిగా తయారుచేసి అమ్ముకోవచ్చని అమెరికా 2015లో చట్టం చేసింది. రూపం మీద హక్కున్నవాడి అనుమతి మాత్రం కావాలి.

బ్రెజిల్‌లో చట్టం ఇంకా కరుకుగా పనిచేసింది. 2019 జూలైలో ఇటజాయ్ పట్టణంలో తండ్రీకొడుకులు నడుపుతున్న ఒక షెడ్డు మీద పోలీసులు దాడి చేశారు. దొరికినవి ఎనిమిది బళ్ళు, అన్నీ సగం పనిలో ఉన్నవే. ఫెరారీ, లంబోర్గినీ ఆకారాలు, వాటి చిహ్నాలతో సహా. ఒక్కోటీ 1,80,000 నుంచి 2,50,000 రియాల్‌ల ధరకు అమ్మేవారు. తొట్టి దాకా క్షమించినా, చిహ్నం తగిలించి ధర చెప్పిన క్షణం నుంచి మాట మారుతుంది. అందుకే జాగ్రత్త తెలిసిన అమ్మకందారు ప్రకటన మొదటి వరుసలోనే ‘నకలు’ అని రాస్తాడు, ముక్కు మీది గుర్రం బొమ్మనో ఎద్దు బొమ్మనో ముందే ఊడదీస్తాడు.

బండి చూడటానికి వెళ్తే

షెడ్డు తలుపు ఎత్తగానే కనిపించేది తొట్టి మీద కప్పిన నీలిరంగు టార్పాలిన్. దాని కింద జెల్‌కోట్ పూత తెల్లగా ఉంటుంది, లేదా ఎప్పుడో కొట్టిన బూడిదరంగు ప్రైమర్. తలుపు పైకి లేస్తుంది కానీ నిలబడదు. గ్యాస్ స్ట్రట్ చచ్చిపోయింది, అమ్మేవాడు అలవాటుగా ఒక కర్ర పోటు పెడతాడు. తలుపుకూ తొట్టికీ మధ్య సందులో పైన చిటికెన వేలు పడుతుంది, కింద బొటనవేలు. ఏళ్ళ తరబడి ఆధారం లేకుండా వేలాడిన ఫైబర్‌గ్లాస్ జారిపోయిందని దాని అర్థం. ఇనుము కాదు కాబట్టి పుట్టీ ఎంత ఉందో అయస్కాంతంతో పట్టుకోలేం. వేలి కణుపుతో తట్టి, శబ్దం మారిన చోట ఆగాలి.

తర్వాత నేల మీద పడుకుని టార్చి లైటుతో కిందకు చూడాలి. సాగదీసిన చోట వెల్డింగ్ గీత ఒకే తీరుగా సాగిందా, చిన్న చిన్న ఉండలుగా పేరుకుందా? కోసిన రెండు కొసలను ఊరికే ముట్టించి అతికారా, లోపల మరో గొట్టం దూర్చి బలపరిచారా? ఛాసిస్ 1988 నాటిదైతే మంచిది. అంతకు ముందు ఫియరోల ముందు సస్పెన్షన్ షెవెట్ అనే కారు నుంచి, వెనకది సైటేషన్ అనే కారు నుంచి అరువు తెచ్చినవి. ఆఖరి ఏడాది మాత్రమే దానికంటూ సొంత సస్పెన్షన్ వచ్చింది. 1984 నాటి నాలుగు సిలిండర్ల ఇంజన్ అలాగే ఉంటే ఇంకో ప్రశ్న వేయాలి. వాటికి మంటలు అంటుకుంటున్నాయని కంపెనీ బళ్ళను వెనక్కి పిలిపించింది.

గోడవారన అట్టపెట్టెలు. ఒకదాంట్లో జిప్ సంచుల నిండా బోల్టులు, ప్రతి సంచి మీదా బాల్‌పెన్నుతో రాసిన అక్షరాలు, సగం వెలిసిపోయి. వైర్ల కట్టకు మాస్కింగ్ టేపు ముక్కలు: ‘ఎడమ దీపం’, ‘ఫ్యాన్?’. ఆ ప్రశ్నార్థకం రాసిన రోజే బహుశా పని ఆగిపోయింది.

బేరం కుదిరితే ‘ఉన్నది ఉన్నట్టు’ అని కాగితం రాసుకుంటారు. దాంతో మామూలు హామీలన్నీ తొలగిపోతాయి. అయితే ప్రకటనలో ‘ఇంజన్ నడుస్తోంది’ అని స్పష్టంగా రాసినవాడు ఆ మాటకు కట్టుబడాలి. అందుకే ‘ఆపినప్పుడు నడిచేది’ అని రాస్తారు. ఆపింది ఎప్పుడో రాయరు. చక్రాల మీద దొర్లేదైతే ఇద్దరు నెట్టి ట్రైలర్ ఎక్కిస్తారు. దొర్లనిదైతే రవాణా ఖర్చే బేరాన్ని మింగేస్తుంది.

భారతదేశంలో

ఇక్కడ ఈ సంత లేకపోవడానికి కారణం చట్టమే. తయారీదారు నిర్ణయించిన మూల స్వరూపానికి విరుద్ధంగా వాహనాన్ని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ నిషేధిస్తుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే మాట గట్టిగా చెప్పింది. ఒక పాత సెడాన్ మీద లంబోర్గినీ తొట్టి బిగించినవాడు దాన్ని ఆర్టీవో ఆఫీసుకు తీసుకెళ్తే ఇంటికి నడిచే రావాలి. చేత్తో కారు కట్టే సరదాకు హైదరాబాద్ బహదూర్‌పురాలోని సుధా కార్స్ మ్యూజియం ఒక చోటు చూపించింది. బూటు ఆకారంలో, బర్గర్ ఆకారంలో అక్కడి కార్లు నడుస్తాయి, కానీ అవి ప్రదర్శనకే.

విడదీసి అమ్మడం

మొత్తంగా కొనేవాడు దొరకనప్పుడు అమ్మేవాడు చివరికి విడదీస్తాడు. ముందు పోయేవి చక్రాలు, వెడల్పు టైర్లు. వాటిని వేరే నకళ్ళవాళ్ళు వెంటనే పట్టుకెళ్తారు. తర్వాత గేర్‌బాక్స్, ముఖ్యంగా వీ6 ఫియరోల ఐదు గేర్లది. తర్వాత దీపాలు, అద్దం ఉంటే అద్దం. విచిత్రంగా, కౌంటాష్ తొడుక్కోవడానికి విప్పి అటక మీద పడేసిన అసలు ఫియరో పలకలకూ గిరాకీ ఉంటుంది, ఎందుకంటే ఇప్పుడు చెక్కుచెదరని ఫియరోలను ప్రేమించేవాళ్ళు వేరే ఉన్నారు. ఖాళీ ఛాసిస్‌ను పాత ఇనుము కొనేవాడు తూకం వేసి తీసుకెళ్తాడు.

తొట్టిని మాత్రం అతను ముట్టుకోడు. ఒకసారి గట్టిపడిన పాలియెస్టర్ మళ్ళీ కరగదు, దానికి తూకపు ధర లేదు. రెండు మీటర్ల వెడల్పున షెడ్డు సగం ఆక్రమించి అలాగే ఉంటుంది. ఆఖరి ప్రకటన రెండే ముక్కలు: ఉచితం, ట్రైలర్ మీరే తెచ్చుకోవాలి. సాధారణంగా ఆ సాయంత్రానికే ఎవరో ఒక కుర్రాడు వస్తాడు. అతని షెడ్డులో అప్పటికే ఒక ఫియరో ఉంటుంది.